ఎండలు ఎక్కువని చిక్కటి ఆయిల్ పోయాలా?

ప్రశ్న: నాది 2018 మోడల్ స్ప్లెండర్ ప్లస్. 52 వేల కిలోమీటర్లు తిరిగింది. ఉప్పల్‌లో ఉంటాను, ఫుడ్ డెలివరీ పని. రోజుకు వంద కిలోమీటర్లు తక్కువ కాకుండా తిరుగుతాను. ఇన్నాళ్లూ 10డబ్ల్యూ-30 ఆయిల్ వేయించేవాణ్ని. మా గల్లీ మెకానిక్ అన్న "మన ఎండలకు ఆ పల్చటి ఆయిల్ ఆగదు, 20డబ్ల్యూ-50 పోద్దాం" అంటున్నాడు. తోటి రైడర్ ఒకతను ఫుల్ సింథటిక్ వేస్తే పది వేల దాకా చూసుకోనక్కర్లేదంటున్నాడు. వీళ్లిద్దరి మధ్య ఎటూ తేల్చుకోలేక, పోయిన నెల ఒక షాపులో కారు ఆయిల్ 5డబ్ల్యూ-30 సగం ధరకు ఇస్తే అదే పోయించాను. రెండు వారాల నుంచి ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు మోత వస్తోంది గానీ బండి లాగడం లేదు. ఇంట్లో మా ఆవిడ యాక్టివా కూడా ఉంది. రెండింటికీ పనికొచ్చే ఆయిల్ ఏదైనా ఉంటే చెప్పగలరు. (పేరు వేయొద్దని కోరారు)

జవాబు: ముందు ఆ కారు ఆయిల్ దింపించండి. చిక్కటిదా పల్చటిదా అన్న లెక్క తర్వాత చూసుకుందాం. మోత పెరిగి వేగం పెరగలేదంటే క్లచ్ జారుతోందని అర్థం. ఇలా నడిపిన ప్రతి రోజూ క్లచ్ ప్లేట్లు కొంత కాలిపోతుంటాయి.

అయితే తప్పు ఆయిల్‌దేనని తేల్చుకునే ముందు ఒక నిమిషం పని ఉంది. క్లచ్ లివర్ చివర వేలితో మెల్లగా లాగి చూడండి. కేబుల్ బిగుసుకునే లోపు లివర్ కొస 10 నుంచి 20 మిల్లీమీటర్లు ఉత్తినే కదలాలి. ఆ ఆట లేకపోతే మీరు లివర్ పట్టుకోకపోయినా క్లచ్ సగం నొక్కి ఉన్నట్టే, అప్పుడు ఏ ఆయిల్ పోసినా జారుతుంది. ఆట సరిగ్గానే ఉంటే ఇంజిన్ వేడెక్కాక ఖాళీ రోడ్డు మీద టాప్ గేరులో 35, 40 వేగంతో వెళ్తూ ఎక్సలేటర్ ఒక్కసారి బాగా తిప్పండి. మోత, వేగం రెండూ కలిసి నెమ్మదిగా పెరిగితే క్లచ్ పట్టే ఉంది. మోత ముందు ఎగిరి, స్పీడోమీటర్ ముల్లు తర్వాత తీరిగ్గా కదిలితే జారుతోంది.

కారు ఆయిల్‌తో ఇలా ఎందుకవుతుందంటే, కారులో క్లచ్ పొడిది. అది ఇంజిన్‌కు, గేర్‌బాక్స్‌కు మధ్య విడిగా ఉంటుంది, ఇంజిన్ ఆయిల్ దాన్ని తాకదు. మీ బండిలో క్లచ్ ప్లేట్లు ఆయిల్‌లోనే మునిగి తిరుగుతాయి. ఇంజిన్‌కు, గేర్లకు, క్లచ్‌కు కలిపి ఆ లీటరు లోపు ఆయిలే దిక్కు. మైలేజ్ పెంచడానికి కారు ఆయిళ్లలో రాపిడి తగ్గించే రసాయనాలు కలుపుతారు. పిస్టన్‌కు అవి మేలే చేస్తాయి. క్లచ్ పనిచేసేది రాపిడితోనే కాబట్టి దానికి మాత్రం అవి పడవు. డబ్బా వెనక ఏపీఐ అనే అమెరికా పెట్రోలియం సంస్థ గుండ్రటి ముద్ర ఉంటుంది. దాని కింది సగంలో "రిసోర్స్ కన్సర్వింగ్" (ఇంధనం ఆదా చేసేది) అని ఉంటే ఆ డబ్బాను బైకు దగ్గరికి రానివ్వకండి. పెద్ద కంపెనీదైనా సరే, ధర రెండింతలైనా సరే.

సరైన ఆయిల్‌కు మారినంత మాత్రాన ఒక్క పోతతో ఆ రసాయనం మొత్తం పోదు. ప్లేట్లకు పట్టింది, కేసింగ్ మూలల్లో మిగిలింది కొత్త ఆయిల్‌లో కలుస్తుంది. అందుకే ఇప్పుడు మామూలు మినరల్ (ముడి చమురును శుద్ధి చేసి తీసిన) 10డబ్ల్యూ-30 పోసి 300 నుంచి 500 కిలోమీటర్లు తిప్పండి, ఆ తర్వాత అదీ దింపేసి మళ్లీ కొత్తది పోయండి. ఖరీదైనది మొదటిసారే పోసి పారబోసుకోకండి. రెండో ఆయిల్ తర్వాత క్లచ్ పట్టుకుంటే బతికిపోయినట్టే. అప్పటికీ జారుతుంటే క్లచ్ కవర్ విప్పించి ప్లేట్లు బయటికి తీయించి మీ కళ్లతో చూడండి. ఫ్రిక్షన్ ప్లేట్ల మీద ముక్కలు నున్నగా, అద్దంలా మెరుస్తున్నా, మధ్యలోని స్టీలు ప్లేట్లు నీలంగా మారినా కొత్త సెట్ వేయాల్సిందే. గరుకు కాగితంతో రుద్ది మళ్లీ వేయడం నెల రోజుల వైద్యం. 52 వేలు తిరిగిన బండి కాబట్టి ప్లేట్లతో పాటు స్ప్రింగులూ మార్పించండి. కొత్త ఫ్రిక్షన్ ప్లేట్లను బిగించే ముందు మీరు పోయబోయే కొత్త ఆయిల్‌లోనే కాసేపు నానబెట్టాలి. పొడిగా బిగిస్తే మొదటి రోజే మాడతాయి.

ఇక డబ్బా మీద చూడాల్సిన సంగతి. బైకు ఆయిల్‌కు జేసో అనే జపాన్ ప్రమాణం ఉంది. కార్ల ఆయిళ్లు మైలేజ్ వైపు జరిగిపోతుండటంతో, ఆయిల్‌లో మునిగే క్లచ్ ఉన్న బండ్ల కోసం 1998లో దీన్ని తెచ్చారు. అందులో ఎంఏ అంటే క్లచ్ పట్టు ఉండే ఆయిల్, ఎంబీ అంటే రాపిడి తక్కువ ఉండే ఆయిల్. ఎంఏలోనే పట్టు ఇంకాస్త ఎక్కువున్నదాన్ని ఎంఏ2 అంటారు. మీ స్ప్లెండర్‌కు కంపెనీ చెప్పేది 10డబ్ల్యూ-30, ఏపీఐ ఎస్‌ఎల్, జేసో ఎంఏ2. ఎస్‌ఎల్ అన్న అక్షరాలు 2001 నాటి ప్రమాణానివి. తర్వాత ఎస్‌ఎం, ఎస్‌ఎన్, 2020లో ఎస్‌పీ వచ్చాయి. రెండో అక్షరం ముందుకు పోయేకొద్దీ కొత్తది. ఎస్‌ఎల్ చెప్పిన బండికి ఎస్‌ఎన్ పోయొచ్చు, పక్కన ఎంఏ2 ఉంటే చాలు. షాపులో "ఇది ఎస్‌పీ, అన్నిటికంటే లేటెస్ట్" అని కారు డబ్బా చేతిలో పెడితే మాత్రం జేసో ముద్ర ఎక్కడుందని అడగండి. ఉండదు.

మెకానిక్ అన్న మాటకు వద్దాం. ఆయన ఒక్కడే కాదు, హైదరాబాద్‌లో సగం షెడ్లలో వినపడే మాటే అది: ఎండ ఎక్కువ, కాబట్టి చిక్కటి ఆయిల్. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ అమీర్‌పేట సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు అటూ ఇటూ చూడండి. మీ స్ప్లెండర్‌లో ఉండాల్సింది 10డబ్ల్యూ-30. పక్కన పల్సర్ 150 ఉంటే దానికి కంపెనీ చెప్పింది 20డబ్ల్యూ-50. వెనక క్లాసిక్ 350 ఉంటే దానికి 15డబ్ల్యూ-50. ముగ్గురి మీదా ఒకటే ఎండ, ముగ్గురి ముందూ ఒకటే సిగ్నల్, ఆయిళ్లు మాత్రం మూడు రకాలు. ఆ నంబరు ఊరిని చూసి వేసింది కాదు, ఇంజిన్ లోపలి సందులను, బేరింగులను, పంపును చూసి వేసింది. మీ ఇంజిన్‌లో క్రాంక్, అంటే పిస్టన్ తిప్పే ఇరుసు, తిరిగేది బాల్, రోలర్ బేరింగుల మీద. వాటికి మందపాటి ఆయిల్ పొర కంటే ఆయిల్ త్వరగా, ధారాళంగా అందడమే ముఖ్యం.

10డబ్ల్యూ-30లో డబ్ల్యూ అంటే వెయిట్ అనుకుంటారు చాలామంది. అది వింటర్. ముందున్న అంకె చలిలో ఆయిల్ ఎంత తేలిగ్గా కదులుతుందో చెబుతుంది. 10డబ్ల్యూ ఆయిల్‌ను మైనస్ 25 డిగ్రీల దగ్గర, 20డబ్ల్యూ ఆయిల్‌ను మైనస్ 15 దగ్గర పరీక్షిస్తారు. ఆదిలాబాద్ ఏజెన్సీలో చలి నాలుగైదు డిగ్రీలకు దిగినా ఆ హద్దుకు చాలా ఇవతలే ఉంటాం. కాబట్టి బండి స్టార్టు కాదన్న భయం లేదు. వెనకున్న అంకె 100 డిగ్రీల వేడిలో ఆయిల్ చిక్కదనం. దాన్ని సెంటీస్టోక్స్‌లో కొలుస్తారు, అంకె పెరిగేకొద్దీ చిక్కన. 30 అంటే 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్స్ లోపు, 40 అంటే 12.5 నుంచి 16.3 లోపు, 50 అంటే 16.3 నుంచి 21.9 లోపు.

ఇప్పుడు మన ఎండ ఎక్కడ వస్తుందో చూద్దాం. మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీలు అనుకుందాం. ఆ వేడి దగ్గర మామూలు 10డబ్ల్యూ-30 ఆయిల్ చిక్కదనం సుమారు 70 సెంటీస్టోక్స్, 20డబ్ల్యూ-50ది 160 దాకా ఉంటుంది. అంటే నడి ఎండలో నిలబడ్డ బండిలో కూడా ఆ 50 నంబరు ఆయిల్, ఇంజిన్ నడిచేటప్పుడు ఉండాల్సిన దానికి ఎన్నో రెట్లు చిక్కగా ఉంటుంది. ఇక పొద్దున ఆరింటికి, డిసెంబరు చలిలో కిక్ కొట్టినప్పుడు చెప్పనక్కర్లేదు. చిన్న పంపు, సన్నటి దారులు, ఆయిల్ చివరగా చేరేది పైన హెడ్‌లో వాల్వులను కదిపే క్యామ్‌కు, రాకర్లకు. అది అందే లోపు ఇనుము ఇనుముతో రాసుకుంటుంది. మీరు రోజుకు ఇరవై, ముప్పై సార్లు ఆపి స్టార్ట్ చేస్తారు, ఆ అరుగుదల ఒక్కో చుక్కగా పోగవుతుంది. దాంతో పాటు చల్లటి ఇంజిన్‌లో క్లచ్ ప్లేట్లు చిక్కటి ఆయిల్‌తో అంటుకుని న్యూట్రల్ పడటం కష్టమవుతుంది, పికప్ మొద్దుబారుతుంది, పెట్రోల్ కాస్త ఎక్కువ తాగుతుంది. రోజుకు రెండు లీటర్లు కొట్టించే మనిషికి ఆ కాస్త నెలాఖరుకు కనిపిస్తుంది.

అలాగని మన ఎండకు, మన ట్రాఫిక్‌కు ఆయిల్‌తో సంబంధం లేదని కాదు. ఉంది, బాగా ఉంది. ఆయిల్ నంబరును కాదు, ఆయిల్ ఆయుష్షును అవి కోస్తాయి. మీ ఇంజిన్‌కు రేడియేటర్ లేదు. రెక్కల మీదుగా గాలి పోతేనే చల్లబడుతుంది. పంజాగుట్టలోనో మెహదీపట్నంలోనో పది నిమిషాలు నత్తనడక నడిస్తే గాలి ఆగిపోయి హెడ్ సెగలు కక్కుతుంది. అక్కడ ఆయిల్ మాడుతుంది.

సర్వీసు పుస్తకం కిలోమీటర్లలో చెబుతుంది, ఆయిల్ మాత్రం గంటలు లెక్కపెట్టుకుంటుంది. విజయవాడ హైవే మీద సగటున 50 వేగంతో పోయే బండి 3,000 కిలోమీటర్లను 60 గంటల్లో పూర్తిచేస్తుంది. నగరంలో డెలివరీ బండి సగటు వేగం 20 అనుకుంటే అవే 3,000 కిలోమీటర్లకు 150 గంటలు. మీటర్ మీద అంకె ఒకటే గానీ మీ ఆయిల్ చేసిన చాకిరీ రెండున్నర రెట్లు. పైగా గేర్లు తిరిగినంతసేపూ వాటి పళ్ల మధ్య ఆయిల్ నలుగుతుంది. వేడిలో చిక్కదనం నిలవడానికి కలిపిన పొడవాటి పాలిమర్ గొలుసులు అక్కడ తెగిపోతుంటాయి. కాబట్టి మీ పనికి మినరల్ 10డబ్ల్యూ-30 అయితే 2,500 కిలోమీటర్లకు, మరీ అయితే 3,000కు మార్చేయండి. నెలలో 26 రోజులు, రోజుకు వంద చొప్పున 2,600 అవుతుంది. అంటే నెలకొకసారి. జీతం పడ్డ వారం పెట్టుకుంటే గుర్తుండిపోతుంది. తేదీతో పాటు మీటర్ రీడింగును సీటు కింద చిన్న కాగితం మీద రాసి అంటించండి. మీ బండిలో ఐ3ఎస్ మీట (బండి ఆగినప్పుడు ఇంజిన్‌ను దానంతటదే ఆపేసే ఏర్పాటు) ఉంటే ఆపేయకండి, సిగ్నళ్ల దగ్గర అది ఆపిన ప్రతి నిమిషమూ ఆయిల్‌కు మిగిలినట్టే.

ఆయిల్ పనైపోయిందనడానికి నలుపు రంగును గుర్తుగా చూడొద్దు. మంచి ఆయిల్ మసిని తనలో కలుపుకుంటుంది కాబట్టి వెయ్యి కిలోమీటర్లకే నల్లబడొచ్చు, అది దాని పనే. నమ్మదగిన గుర్తు మీ ఎడమ కాలికి తెలుస్తుంది. కొత్త ఆయిల్‌లో మెత్తగా పడ్డ గేరు గట్టిగా, టక్కుమని పడుతుంటే, అప్పుడప్పుడూ రెండు గేర్ల మధ్య ఖాళీలోకి జారుతుంటే చిక్కదనం పోయిందన్నమాట.

మెకానిక్ అన్నను మరీ తీసిపారేయడం న్యాయం కాదు. 50 వేలు దాటిన ఇంజిన్‌లో పిస్టన్ చుట్టూ ఉండే రింగులు అరిగి ఆయిల్ తాగుతుంటే, ఒక మెట్టు పైకి, అంటే 20డబ్ల్యూ-40 ఎంఏ2కు వెళ్లడం కొన్నాళ్లకు పనికొచ్చే సర్దుబాటే. కానీ తాగుతోందో లేదో ముందు కొలవాలి. ఆయిల్ మార్చిన రోజు గేజ్ (ఆయిల్ కొలిచే పుల్ల) మీద మట్టం గుర్తుపెట్టుకుని 500 కిలోమీటర్లకోసారి చూడండి. మట్టం పెద్దగా కదలకపోతే నంబరు మార్చే అవసరమే లేదు. ప్రతి 500కు 100 మిల్లీలీటర్లు మాయమవుతుంటే సైలెన్సర్ చూడండి. పొద్దున స్టార్ట్ చేయగానే నీలి పొగ ఒక్కసారి వచ్చి ఆగిపోతే వాల్వ్ సీళ్లు. ఎక్సలేటర్ ఇచ్చినప్పుడల్లా వస్తే రింగులు, బోర్ (పిస్టన్ ఆడే గొట్టం) అరిగినట్టు. ఆ రిపేరు ఎప్పటికైనా చేయించాల్సిందే, 20డబ్ల్యూ-50 దాన్ని నాలుగు నెలలు దాచిపెడుతుందంతే. ఆ నాలుగు నెలల్లో బోర్ ఇంకాస్త పెద్దదవుతుంది.

ఫుల్ సింథటిక్, అంటే రసాయన పద్ధతిలో తయారుచేసిన ఆయిల్ గురించి మీ దోస్తు చెప్పింది సగం నిజం. వేడికి అది మినరల్ కంటే ఎక్కువ సేపు తట్టుకుంటుంది, చల్లటి పొద్దున త్వరగా పైకెక్కుతుంది. కానీ పది వేల కిలోమీటర్ల మాట మీ బండికి వర్తించదు. ఆయిల్ పాడవకపోయినా దానిలో చేరే మసి, పెట్రోల్ ఆవిరి, క్లచ్ ప్లేట్ల పొడి ఎక్కడికీ పోవు. స్ప్లెండర్‌లో మార్చి పారేసే కాగితం ఫిల్టర్ ఉండదు. ఉన్నది ఒక జాలీ, క్రాంక్ చివర తిరుగుతూ మురికిని అంచులకు విసిరే ఒక రోటర్. సన్నటి పొడి చాలావరకు ఆయిల్‌లోనే తేలుతుంటుంది, బయటికి పోయే దారి డ్రెయిన్ బోల్ట్ ఒక్కటే. అలాంటి ఇంజిన్‌లో రెండింతలకు పైగా పెట్టి సింథటిక్ కొని పది వేలు నడపడం కంటే మామూలు ఆయిల్‌ను నెలనెలా మార్చడమే నయం. మధ్యే మార్గం కావాలంటే అదే నంబరులో సెమీ సింథటిక్ (రెండూ కలిపినది) తీసుకుని 3,500 దగ్గర దింపేయండి. ఇదే ప్రశ్న పెద్ద ఇంజిన్, కాగితం ఫిల్టర్ ఉన్న బండి వాళ్లు అడిగితే జవాబు వేరేగా ఉండేది.

ఆయిల్ మార్పించేటప్పుడు పక్కన నిలబడి చూడండి, లేదా మీరే చేసుకోండి, పెద్ద విద్యేం కాదు. రెండు మూడు కిలోమీటర్లు తిప్పి తెచ్చి, ఇంజిన్ గోరువెచ్చగా ఉండగా సెంటర్ స్టాండ్ వేయాలి. సైడ్ స్టాండ్ మీద వంచి దింపితే ఒక మూల ఆయిల్ ఆగిపోతుంది. ఇంజిన్ అడుగున డ్రెయిన్ బోల్ట్‌కు 17 నంబరు పానా పడుతుంది. పైన గేజ్ మూత తీసి, కింద పళ్లెం పెట్టి బోల్ట్ విప్పాక కనీసం పది నిమిషాలు వదిలేయండి. ధార చుక్కలైనప్పుడు తాళం ఆపి ఉంచి నాలుగైదు కిక్‌లు మెల్లగా తొక్కితే ఇంకొంత దిగుతుంది. బోల్ట్‌కున్న అల్యూమినియం వాషర్ అణిగిపోయి ఉంటే కొత్తది వేయండి, పదో పరకో ఖరీదు. బోల్ట్‌ను మొదట చేత్తోనే నాలుగు చుట్లు ఎక్కించి, తర్వాత పానాతో బిగించాలి. సుమారు 25 న్యూటన్ మీటర్లు చాలు, అంటే పొట్టి పానాతో ఒక చేత్తో గట్టిగా ఆగేంత. షెడ్లలో పైపు తొడిగి తొక్కి బిగించే అలవాటు చూస్తుంటాం. కేసింగ్ అల్యూమినియంది, మరలు తెగితే ఆ వంద రూపాయల పని వేలల్లోకి పోతుంది.

కొత్త ఆయిల్ 900 మిల్లీలీటర్ల డబ్బాలో వస్తుంది కదా అని మొత్తం ఒంపేయకండి. ఎంత దిగిందన్నదాన్ని బట్టి ఎంత పడుతుందన్నది మారుతుంది. 700 పోసి, మూత పెట్టి, రెండు మూడు నిమిషాలు ఇంజిన్ నడిపి ఆపండి. మరో రెండు నిమిషాలు ఆగి గేజ్ తుడిచి పెట్టి చూడండి. స్ప్లెండర్ గేజ్‌ను మర తిప్పకుండా ఊరికే ఆనించి చూడాలి. తిప్పి బిగించి చూస్తే గేజ్ లోతుగా దిగి ఆయిల్ ఎక్కువున్నట్టు చూపిస్తుంది, తక్కువతో తిరిగే బండ్లలో చాలావాటికి ఇదే కారణం. పై గీత దగ్గరికి వచ్చేదాకా కొద్దికొద్దిగా కలపండి. గీత దాటితే క్రాంక్ దాన్ని చిలికి నురగ చేస్తుంది, బ్రీథర్ (ఇంజిన్ లోపలి ఆవిరి బయటికి పోయే గొట్టం) గుండా ఎయిర్ ఫిల్టర్‌లోకి కక్కుతుంది, సీళ్లు కారుతాయి. 12, 15 వేలకోసారి కుడి వైపు కవర్ విప్పించి ఆ జాలీని, రోటర్‌ను కడిగించండి. 52 వేలలో ఒక్కసారీ విప్పకపోయి ఉంటే, క్లచ్ కోసం ఎలాగూ విప్పాల్సి వస్తే ఆ రోజే చేయించుకోండి, కవర్ ప్యాకింగ్ కూడా కొత్తది వేయాలి.

"ఇంజిన్ కడుగుదాం" అని కిరోసినో డీజిలో పోసి తిప్పబోతే వద్దనండి. అది పూర్తిగా బయటికి రాదు, కొత్త ఆయిల్‌ను పల్చన చేస్తుంది. రాపిడి తగ్గిస్తామని అమ్మే చిన్న సీసాల మందులు క్లచ్‌కు మళ్లీ కారు ఆయిల్ కథే. పాత ఆయిల్‌ను చైన్‌కు పూయడం ఇంకో పాడలవాటు. అందులోని ఇనుప రజను, మసి చైన్‌ను అరగదీస్తాయి. చైన్‌కు 90 నంబరు గేర్ ఆయిల్ వాడండి. దింపిన ఆయిల్‌ను నాలాలో పోయకండి, షెడ్డుకు వచ్చి పాత ఆయిల్ కొనుక్కుపోయే వాళ్లుంటారు, వాళ్ల డ్రమ్ములో పోయించండి.

డబ్బా కొనేటప్పుడు సగం ధర అన్నచోటే అనుమానం రావాలి. ఖాళీ డబ్బాలు పోగేసి పాత ఆయిల్ వడగట్టి నింపే వ్యాపారం కొత్తదేం కాదు. మూత కింద రేకు సీలు అంచుల దాకా సమంగా అంటుకుని ఉందా, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, ఎమ్మార్పీ చెరిపితే చెరగకుండా ఉన్నాయా చూడండి. పుత్లీబౌలిలో కొన్నా, రాణీగంజ్‌లో కొన్నా, బంకులో కొన్నా బిల్లు అడగండి. ఖాళీ అయిన డబ్బాను షెడ్డులో వదలకుండా కత్తితో కోసి పారేయండి.

వానాకాలం గురించి ఒక్క మాట, మీరు అడగకపోయినా. రోడ్డు మీద నీళ్లు ఇంజిన్ మునిగేంత వచ్చిన చోట బండి నడిపించి ఉంటే, ఇంటికి రాగానే గేజ్ తీసి చూడండి. ఆయిల్ పాలు కలిపిన టీలా కనిపిస్తే నీళ్లు చేరాయి. ఇంకొక్క కిలోమీటరు కూడా నడపకుండా అక్కడే దింపించాలి. అలాగే మీది కార్బ్యురేటర్ బండి. ఆయిల్ మట్టం తగ్గకపోగా పెరుగుతూ, వాసన చూస్తే పెట్రోల్ కొడుతుంటే కార్బ్యురేటర్‌లో పెట్రోల్‌ను ఆపే ఫ్లోట్ వాల్వ్ కారుతోంది. ముందు అది బాగుచేయించి తర్వాత ఆయిల్ మార్చండి.

చివరిగా యాక్టివా. దానికి కంపెనీ చెప్పేది 10డబ్ల్యూ-30 ఎంబీ. నంబరు మీదాని నంబరే, అక్షరాలే వేరు. స్కూటర్ క్లచ్ ఆయిల్‌లో మునగదు కాబట్టి రాపిడి తక్కువున్న ఎంబీ దానికి సరిపోతుంది. మీ ఎంఏ2 ఆయిల్‌ను స్కూటర్‌లో పోస్తే నష్టమేమీ లేదు, మైలేజ్ ఒక పిసరు తగ్గొచ్చు. దాని ఎంబీని మీ స్ప్లెండర్‌లో మాత్రం పోయకూడదు. కొన్ని బైకుల పుస్తకాల్లో ఎంబీ అనే రాసి ఉంటుంది, అవి దానికి తగ్గట్టు చేసిన బండ్లు, మీది కాదు. కాబట్టి ఇంట్లో ఒకే రకం ఉంచుకోవాలంటే అది ఎంఏ2 కావాలి.

స్కూటర్‌కు వెనక చక్రం దగ్గర గేర్ ఆయిల్ వేరుగా ఉంటుంది, 120 మిల్లీలీటర్ల చిన్న ప్యాకులో అమ్ముతారు. దానికి బోల్ట్ కూడా వేరే. తొందరలో ఇంజిన్ బోల్ట్ అనుకుని దాన్ని విప్పేసి, పైన మామూలుగా ఇంజిన్ ఆయిల్ పోసేస్తుంటారు. అప్పుడు గేర్‌బాక్స్ ఎండిపోతుంది, ఇంజిన్‌లో పాతదీ కొత్తదీ కలిసి రెండింతలవుతుంది. పళ్లెంలోకి దిగింది అర లీటరు కూడా లేదంటే, కొత్త డబ్బా మూత తీయకముందే ఆపండి.